రాగికీ అల్యూమినియానికీ లగ్గం!

ఒకటి ఎర్రన, ఒకటి తెల్లన. రెండింటి పనీ కరెంటు మోయడమే. విడివిడిగా రెండూ బుద్ధిమంతులే. కలిపి మెలిపెడితే మాత్రం పేచీ మొదలు. ఆ పేచీకి కాలేది రైతు మోటారు. ఎండేది రైతు మడి. కరిగించి అతకబోతే మొరాయించే ఈ రెండు లోహాలూ, కరిగించకుండా ఒత్తితే మాత్రం విడదీయలేనంతగా కలిసిపోతాయి. అదెలాగో తెలియాలంటే కమ్మరి కొలిమి దాకా వెళ్లిరావాలి.

వరి పొట్టకొచ్చింది. ఇంకో రెండు తడులు పారితే గింజ పాలు పోసుకుంటుంది. సరిగ్గా అప్పుడే మోటారు మూలుగుతుంది. రైతు పరుగున వెళ్లి స్టార్టరు డబ్బా తెరిచేసరికి కమురు వాసన! జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలంలో యాసంగి వచ్చిందంటే ఏదో ఒక బావి దగ్గర వినిపించే ముచ్చటే ఇది.

మానేరు ఒడ్డు మండలం టేకుమట్ల. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొత్త మండలమైంది. అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. వరి, పత్తి, మిర్చి ఇక్కడి పంటలు. వానాకాలం సంగతి ఎలా ఉన్నా యాసంగిలో చాలామందికి బావో బోరో దిక్కు. నీళ్లు పైకి రావాలంటే కరెంటు కావాలి. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004లో వచ్చింది. తెలంగాణలో 24 గంటల సరఫరా 2018 జనవరి 1న మొదలైంది. కరెంటు ఎన్ని గంటలు వచ్చిందన్నది ఒక లెక్క. వచ్చిన కరెంటు స్తంభం మీద నుంచి మోటారు దాకా సజావుగా దిగిందా అన్నది ఇంకో లెక్క. ఆ రెండో లెక్క తప్పేది చాలాసార్లు అతుకు దగ్గరే.

మోటారు కాలిందంటే మెకానిక్కు వస్తాడు. విప్పి చూసి వైండింగ్ పోయిందంటాడు. మోటారు బండెక్కి పరకాలకో భూపాలపల్లికో పోతుంది. అది తిరిగొచ్చేలోగా మడి నెర్రెలిస్తుంది. నింద మోటారు కంపెనీ మీదో, లో ఓల్టేజీ మీదో పడుతుంది. అసలు దోషి మాత్రం నల్ల టేపు కింద హాయిగా దాక్కుని ఉంటాడు.

నల్ల టేపు కింద...

స్తంభాల మీద నడిచే తీగ అల్యూమినియం. బలం కోసం మధ్యలో ఉక్కు తీగ పెట్టిన రకమూ ఉంటుంది. అల్యూమినియాన్నే ఎందుకు వాడతారంటే, అది చవక, తేలిక. అంతే మందం రాగి తీగతో పోలిస్తే బరువు మూడో వంతు కూడా ఉండదు. కరెంటు మాత్రం రాగి మోసేదాంట్లో అరవై శాతం దాకా మోస్తుంది. కాస్త లావు తీగ వేస్తే ఆ లోటూ తీరిపోతుంది. అందుకే ఊళ్లకు ఊళ్లు దాటొచ్చే లైన్లన్నీ దానివే.

మోటారులోకి వచ్చేసరికి కథ మారుతుంది. ఇరుకు చోట ఎక్కువ చుట్లు పట్టాలి. అక్కడ రాగిదే రాజ్యం. బోరులోకి దిగే కేబులూ రాగిదే. అంటే స్తంభానికీ మోటారుకూ మధ్య ఎక్కడో ఒకచోట అల్యూమినియం ఆగాలి, రాగి అందుకోవాలి. అది ఫ్యూజు డబ్బా కావచ్చు, స్టార్టరు కావచ్చు. అక్కడ జరిగేదేమిటి? రెండు తీగల కొసలూ కత్తితో గీకడం, మెలిపెట్టడం, టేపు చుట్టడం. పైకి చూస్తే భేషుగ్గా ఉంటుంది. తీగ పట్టుకుని లాగినా ఊడిరాదు.

లోపల మాత్రం నాలుగు తగాదాలు ఒకేసారి మొదలవుతాయి. మొదటిది పొర. అల్యూమినియాన్ని గీకిన మరుక్షణమే గాలి తగిలి దాని ఒంటి మీద సన్నని పొర ఏర్పడుతుంది. కంటికి కనిపించదు. కరెంటును మాత్రం అడ్డుకుంటుంది. రెండోది వేడి. మోటారు నడిచినప్పుడు తీగ వేడెక్కి సాగుతుంది, ఆపినప్పుడు చల్లబడి ముడుచుకుంటుంది. అల్యూమినియం రాగికన్నా మూడో వంతు ఎక్కువ సాగుతుంది. రోజుకు నాలుగుసార్లు ఈ సాగుడూ ముడుపూ జరిగితే మెలి వదులవుతుంది. మూడోది మెత్తదనం. బోల్టు కింద బిగించినా అల్యూమినియం మెల్లమెల్లగా పక్కకు జారుకుంటుంది. ఇవాళ గట్టిగా ఉన్న బిగింపు ఆరునెలల తర్వాత అంత గట్టిగా ఉండదు. నాలుగోది తేమ. రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే అక్కడో చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో తరిగిపోయేది అల్యూమినియం. పొలం గట్టు మీద మంచుకూ వానకూ తడిసే డబ్బాలో తేమకు కరువేముంది!

అతుకు వదులైతే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. అడ్డు పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే అతుకు ఇంకా వదులవుతుంది. చివరికి ఒక ఫేజు సన్నగిల్లడమో, పూర్తిగా పోవడమో జరుగుతుంది. మూడు ఫేజుల మోటారు మిగిలిన రెండింటి మీదే బరువంతా లాగబోతుంది. వాటిలో కరెంటు మోతాదు మించుతుంది. రిలే సరిగా ఉండి ఆపేస్తే బతికినట్టు. దాన్ని తప్పించి నేరుగా కలిపి ఉంటే వైండింగ్ మాడినట్టే.

అమెరికాలోనూ అదే గోల

మెలిపెట్టి టేపు చుట్టడం మన పల్లెల్లో జరిగే పొరపాటేలే అనుకోవడానికి లేదు. 1960ల నడిమి నుంచి రాగి ధర పెరగడంతో అమెరికాలో ఇళ్లకు అల్యూమినియం వైరింగ్ వేశారు. 1973 దాకా ఆ జోరు సాగింది. తర్వాత స్విచ్చుల దగ్గర, ప్లగ్గుల దగ్గర వేడెక్కడాలు, మంటలు! అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం సర్వే చేయించింది. 1972కు ముందు అల్యూమినియం వైరింగ్ వేసిన ఇళ్లలో అతుకులు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి వైరింగ్ ఇళ్లకన్నా 55 రెట్లు ఎక్కువని తేలింది. తీగ తప్పేమీ లేదు. తప్పంతా తీగ కొసల్లో ఉంది.

వైరింగ్ మొత్తం పీకకుండా చేసే మరమ్మతుల్లో ఒకటి చిత్రమైనది. అల్యూమినియం కొస పక్కన చిన్న రాగి తీగ పెట్టి, లోహపు తొడుగు వేసి, ప్రత్యేక యంత్రంతో బలంగా నొక్కుతారు. వేడి ఉండదు, నిప్పురవ్వ ఉండదు. ఆ ఒత్తిడికే రెండు లోహాలూ అతుక్కుపోతాయి. చల్లగా ఉన్న లోహాలు అతుక్కోవడమేమిటి?

కరిగిస్తే సరిపోదా?

సందేహం రావడం సహజం. గేటు విరిగితే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తాం. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగులో రెండు ఇనుప కొసలూ కరిగి, కలిసి, చల్లారి ఒక్కటవుతాయి. రాగినీ అల్యూమినియాన్నీ అలాగే చేయొచ్చుగా?

చేయబోతే మొదటి చిక్కు వేడి దగ్గరే. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రాగి కరగాలంటే 1085 కావాలి. రాగి మెత్తబడేలోపు అల్యూమినియం నీరై కారిపోతుంది. పైగా దాని ఒంటి మీది పొర 2 వేల డిగ్రీలు దాటితే తప్ప కరగదు. ఎలాగో తంటాలుపడి రెండింటినీ కరిగించి కలిపినా అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. ద్రవంగా ఉన్నప్పుడు రెండు లోహాల అణువులూ ఇష్టారాజ్యంగా కలిసిపోయి మూడో పదార్థాన్ని పుట్టిస్తాయి. దానికి రాగిలోని సాగే గుణం రాదు, అల్యూమినియంలోని మెత్తదనం రాదు. గాజులా పెళుసు! కరెంటునూ సరిగా పోనివ్వదు. చిన్న కుదుపుకే చిట్లుతుంది. ఉక్కునూ అల్యూమినియాన్నీ కరిగించి కలిపినా ఇదే తంతు.

మన పెద్దలకు ఈ చిక్కు కొత్తకాదు. అందుకే కంసాలి టంకం పెడతాడు. తక్కువ వేడికే కరిగే మూడో లోహాన్ని మధ్యలో పోసి రెండింటినీ పట్టి ఉంచుతాడు. ఇత్తడి గిన్నెకు కళాయి పోసేటప్పుడూ కరిగేది తగరమే, గిన్నె కాదు. కమ్మరి మాత్రం ఇంకో దారి పట్టాడు.

కొలిమి చెప్పే పాఠం

గొడ్డలి మొత్తం ఉక్కుతో చేస్తే ఖర్చెక్కువ, దెబ్బకు విరిగే ప్రమాదం. మొత్తం మెత్తటి ఇనుముతో చేస్తే పదును నిలవదు. అందుకని కమ్మరి ఒళ్లంతా ఇనుముతో చేసి అంచుకు ఉక్కు అతికేవాడు. ఇనుమును చీల్చి, మధ్యలో ఉక్కు ముక్క పెట్టి, కొలిమిలో తెల్లటి పసుపు రంగు వచ్చేదాకా కాల్చేవాడు. పైన ఇసుకో వెలిగారమో చల్లేవాడు. దాగలి మీద పెట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలు! రెండు లోహాలు ఒక్కటయ్యేవి. గమనించాల్సిందేమిటంటే, ఇందులో ఇనుమూ కరగలేదు, ఉక్కూ కరగలేదు. కరిగింది వెలిగారమే. అది లోహం మీది చిలుమును తనలో కలుపుకుని సమ్మెట దెబ్బకు బయటికి చిమ్మేస్తుంది. శుభ్రమైన ఇనుమూ శుభ్రమైన ఉక్కూ ముఖాముఖి తగులుతాయి. అంతే, అతుకు పడిపోతుంది.

ఢిల్లీ ఇనుప స్తంభం చూసినవాళ్లు తుప్పు పట్టని దాని తీరును మెచ్చుకుంటారు. దాన్ని తయారుచేసిన తీరూ మెచ్చుకోదగ్గదే. 6 టన్నులకు పైగా బరువున్న ఆ స్తంభాన్ని ఒకే పోతలో పోయలేదు. ఇనుప ముద్దల్ని కాల్చి, ఒకదానిమీద ఒకటి పెట్టి, కొట్టి కొట్టి అతికారు. 1600 ఏళ్లుగా నిలిచే ఉంది. కరిగించకుండా అతికే ఈ పద్ధతికి నేటి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు ఘనస్థితి వెల్డింగ్.

పండగకు గర్జెలు చేసే ఇంట్లో ఈ సూత్రం తెలియనివారుండరు. అంచుకు పొడిపిండి అంటుకుంటే ఎంత నొక్కినా అతకదు. నూనెలో వేయగానే విచ్చుకుంటుంది. పొడి తుడిచి, తడి వేలితో రాసి నొక్కితే రెండంచులూ ఒకటైపోతాయి. లోహాలకు ఆ పొడిపిండి గాలివల్ల ఏర్పడే పొరే. అది లేకుండా రెండు లోహాల ముఖాలు నిజంగా తాకితే, నీ అణువు నా అణువు అన్న భేదం వాటికి తెలియదు. 1724లో డెసాగులియర్స్ అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీలో ఈ వింత చూపించాడు. రెండు సీసం గుండ్లను కాస్త చెక్కి, ఆ తాజా ముఖాల్ని చేత్తోనే మెలితిప్పుతూ ఒత్తాడు. అతుక్కుపోయాయి! లాగడానికి బాగానే బలం కావాల్సొచ్చింది.

తిప్పు... ఒత్తు... ఆపు!

సీసం మెత్తన కాబట్టి చేతికి లొంగింది. రాగికీ అల్యూమినియానికీ ఆ పాటి చాలదు. అక్కడ పనికొచ్చింది రాపిడి. చలికాలం అరచేతులు రుద్దుకుంటే వేడి పుడుతుంది కదా, అదే. 1956లో సోవియట్ యూనియన్‌లో చుడికోవ్ అనే కార్మికుడు లేత్ యంత్రం మీద రెండు లోహపు కడ్డీలను రాపాడించి అతికి చూపాడు. అప్పట్నుంచీ రాపిడి వెల్డింగ్ కర్మాగారాలకెక్కింది.

పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. రాగి కడ్డీని కదలకుండా పట్టి ఉంచుతారు. అల్యూమినియం కడ్డీని గిర్రున తిప్పుతూ దాని ముఖానికి ఆనిస్తారు. రాపిడికి కొసలు వేడెక్కి మెత్తబడతాయి. మెత్తబడ్డ అల్యూమినియం అంచుల వెంట ఉబికి బయటికొస్తుంది. వస్తూ వస్తూ ముఖం మీది పొరనూ మురికినీ తుడుచుకొచ్చేస్తుంది! అప్పుడు తిప్పడం ఆపి ఒక్కసారిగా బలంగా ఒత్తుతారు. మొత్తం కొన్ని సెకన్ల పని. అల్యూమినియం కరిగే వేడి దాకా కూడా పోనక్కర్లేదు. వేడి తక్కువ, సమయం తక్కువ కాబట్టి ఆ పెళుసు పదార్థం పుట్టడానికి వ్యవధి ఉండదు. పుట్టినా మైక్రాన్ల మందంలోనే ఆగిపోతుంది. అంత పలచగా ఉన్నప్పుడు దానివల్ల చెరుపు లేదు. బయటికి ఉబికిన అంచును చెక్కేస్తే మిగిలేది సగం ఎర్రగా, సగం తెల్లగా ఉండే ఒకే కడ్డీ.

ఆ కడ్డీ నుంచి తయారయ్యేదే బైమెటల్ లగ్గు. ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతుంది. ఒక చివర అల్యూమినియం గొట్టం, ఇంకో చివర బోల్టు రంధ్రం ఉన్న రాగి రేకు. స్తంభం నుంచి వచ్చే అల్యూమినియం తీగ అల్యూమినియం గొట్టంలోకి పోతుంది. రాగి రేకు రాగి బిళ్లకు బిగుస్తుంది. ఎవరి ఇంటివాళ్లు వాళ్లతోనే ఉంటారు. రెండు కులాలు కలిసేచోటు మాత్రం గాలీ తడీ చొరబడే సందులేకుండా ఫ్యాక్టరీలోనే అతికి ఉంటుంది. టేకుమట్ల మాటలో చెప్పాలంటే... రాగికీ అల్యూమినియానికీ లగ్గం చేసేది ఆ లగ్గే!

మన చుట్టూనే ఉన్నాయి

ఇలాంటి జంటలు వెతికితే చాలా కనిపిస్తాయి. ట్రాక్టరు ఇంజిన్లో పొగను వదిలే వాల్వు ఉంటుంది. దాని తల నిప్పుల్లో ఉంటుంది, కాడ అరుగుడును తట్టుకోవాలి. అందుకని చాలా వాల్వుల్లో తల ఒక రకం ఉక్కు, కాడ ఇంకో రకం. రెంటినీ అతికేది రాపిడే. తమిళనాడులోని తిరుచెంగోడు బోరుబండ్లకు పెట్టింది పేరు. అలాంటి బండ్లు భూమిలోకి దించే గొట్టాల్లో చాలా రకాలకు కొసన ఉండే మరల ముక్కను అతికేదీ ఈ పద్ధతిలోనే. అంటే రాపిడి వెల్డింగ్ సాయంతో నీళ్లు పడ్డ బావి దగ్గర, అదే రాపిడి వెల్డింగ్ లేక మోటారు కాలుతోందన్నమాట!

వంటింట్లోకి తొంగిచూస్తే మూడు పొరల గిన్నె ఉంటుంది. బయటా లోపలా స్టీలు, మధ్యలో వేడిని సమంగా పంచే అల్యూమినియం. మూడు రేకుల్నీ శుభ్రం చేసి రోలర్ల మధ్య బలంగా నొక్కితే ఏకమవుతాయి. ఓడల్లో ఉక్కు అడుగుకూ అల్యూమినియం పైభాగానికీ మధ్య వాడే పట్టీలనైతే పేలుడు పదార్థంతో అతుకుతారు. పేలిన వేగానికి ఒక రేకు వెళ్లి ఇంకో రేకును గుద్దుకుని అతుక్కుంటుంది. అదే జేబులోని పది రూపాయల రెండు రంగుల నాణేన్ని చూసి ఇదీ వెల్డింగే అనుకోకూడదు. అక్కడ లోపలి బిళ్లను బయటి చట్రంలో పెట్టి అచ్చు గుద్దుతారు. అది పట్టు మాత్రమే, అతుకు కాదు.

1991లో ఇంగ్లండ్‌లోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ ఇంకో అడుగు వేసింది. గట్టి లోహపు మేకును తిప్పుతూ రెండు రేకుల అంచుల వెంట నడిపించి, పిండి కలిపినట్టు లోహాన్ని కలిపేసే పద్ధతి అది. 2012లో హోండా కంపెనీ అకార్డ్ కారు అడుగు చట్రంలో ఉక్కునూ అల్యూమినియాన్నీ ఇలాగే అతికింది. హైదరాబాద్‌లోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లోనూ ఈ విద్యమీద ఏళ్ల తరబడి పని జరిగింది. రెండు రకాల ఉక్కును రాపిడితో అతికేటప్పుడు ఒకదాంట్లోని కార్బన్ ఇంకోదాంట్లోకి వలసపోయి అతుకును బలహీనపరుస్తుంది. మధ్యలో నికెల్ పొర పెడితే ఆ వలస ఆగుతుందని అక్కడి శాస్త్రవేత్త మధుసూదన్ రెడ్డి, మరో పరిశోధకుడు కలిసి 2012లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. రెండు వైపులా సర్దిచెప్పే పెళ్లిళ్ల పేరయ్య లోహాలకూ ఉన్నాడన్నమాట. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన వరంగల్ నిట్‌లోనూ ఈ వెల్డింగ్ మీద పరిశోధనలు సాగుతున్నాయి. టేకుమట్ల ఒకప్పుడు ఉన్న జిల్లా కేంద్రం అదే.

మళ్లీ పొలం గట్టుకు

విద్య ఇంత దగ్గర్లో ఉంది. వస్తువు దుకాణంలో ఉంది. దాని ఖర్చు వైండింగ్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు. అయినా పొలం దగ్గర మెలిపెట్టడమే ఎందుకు నడుస్తోంది? మోటారు ఆగినప్పుడు రైతుకు కావాల్సింది ఈ పూట నీళ్లు. చేతిలో ఉన్నది కత్తి, టేపు. రేపు మార్చుకుందాం అనుకున్న అతుకు పంట కోసేదాకా అలాగే ఉండిపోతుంది.

లగ్గు తెచ్చినంత మాత్రాన పని అయిపోదు. తీగ మందానికి తగ్గ సైజు తీసుకోవాలి. గొట్టంలో దూర్చే ముందు అల్యూమినియం కొసను తీగబ్రష్‌తో రుద్ది, పొర మళ్లీ కట్టకుండా అందుకోసమే అమ్మే జిగురు గ్రీజు పట్టించాలి. కొన్ని లగ్గుల్లో ఆ గ్రీజు ముందే నింపి ఉంటుంది. తర్వాత నొక్కుడు పరికరంతో నొక్కాలి. పటకారుతో పిసికినా, రాయితో కొట్టినా ఫ్యాక్టరీలో పడ్డ శ్రమంతా వృథా. లోపల మంచి అతుకు ఉన్నా బయట మళ్లీ పాత కథే. ఇంకో మాట. ఎంత మంచి అతుకైనా రోజుల తరబడి మోతాదు మించిన వేడికి గురైతే ఆ పెళుసు పొర లోపల మెల్లగా మందమవుతుంది. ఐదు హార్స్‌పవర్‌కు చాలే తీగ మీద ఏడున్నర మోటారు నడిపితే లగ్గు మాత్రం ఏం చేస్తుంది!

వీటన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి అతుకు ముట్టుకునే పని రైతుది కాదు, లైన్‌మన్‌ది. నీళ్ల కోసం తొందరపడి ఫ్యూజు వేయబోయి, తీగ సర్దబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల కథలు తెలంగాణలో ఏ ఊరివాళ్లనడిగినా చెబుతారు. కాలిన మోటారుకు మళ్లీ చుట్టు చుట్టించొచ్చు. ఎండిన మడిలో మళ్లీ నాటు వేయొచ్చు. పోయిన మనిషిని తేలేం. స్టార్టరు డబ్బాలోని అతుకు మార్పించాలన్నా మెయిన్ ఆపించి తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

దుక్కికి ముందు నాగలి కర్రు చూసుకోవడం మన రైతులకు ఎవరూ నేర్పక్కర్లేదు. యాసంగి నారు పోసే ముందు ఒక పూట మోటారు దగ్గరా అలాగే గడిపితే చాలు. టేపు విప్పించి చూడాలి. తీగ నల్లబడినా, తెల్లటి పొడి రాలినా, పైతొడుగు కరిగి ముడుచుకున్నా ఆ అతుకు వయసు అయిపోయినట్టే. అక్కడ రెండు రంగుల లగ్గు ఒకటి కూర్చుంటే, వరి పొట్టకొచ్చిన వేళ మోటారు చప్పుడు ఆగదు.